గోడ మీది పంతొమ్మిది పేర్లు

ఫిబ్రవరి 3, 2025. ఆత్మకూరు

ఈ రోజు వసంతకుమారి టీచరు స్టూడియోకి వచ్చారు. ఉదయగిరి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. ముందు నాయన కింద పనిచేసిన మాలకొండయ్య దగ్గరికి పోయి, ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చారు. ఆ వరసను నేను గుర్తుపెట్టుకుంటాను.

నాయన 1985లో ఉదయగిరి కొండ మీదా కిందా తీసిన పన్నెండు ఫోటోలు ఆమె దగ్గర ఉన్నాయి. ఆ చోట్లనే, అదే కెమెరాతో మళ్ళీ తీయించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన వేసి పుస్తకం చేస్తారట. అదే కెమెరా అంటే నాయన పెద్ద కెమెరా. మూడు కాళ్ళ మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకొని, అరచేయంత ఫిల్మ్ షీట్ ఒక్కొక్కటే పెట్టి తీసేది. అది మాలకొండయ్య దగ్గర ఉంది. దాని లెన్సు ముందు పెట్టే రంగు అద్దాలూ, లెన్సు మీద ఎండ పడకుండా తగిలించే షేడూ నా దగ్గర ఉన్నాయి. నాయన పోయే ముందు అలా పంచాడు. "కెమెరా మాలకొండయ్యకి. ఫిల్టర్లు, షేడ్ పాపకి." అంతే, ఇంకో మాట లేదు. ఐదేళ్ళయింది. పనికి చేరినవాడికి ఇల్లు, కన్నకూతురికి గొడుగు.

"మీ ఇద్దరూ కలిస్తేనే అయ్యే పని సుకన్యా. నువ్వొస్తేనే తీస్తానని మాలకొండయ్య అన్నాడు" అన్నారు టీచరు.

నేను రాకపోతే గతి లేదు గనుక అన్నాడు.

ఒప్పుకున్నాను. నాయన కోసం.

ఫిబ్రవరి 4

పెట్టె తీసి అద్దాలు తుడిచాను. పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఒక్క గీత పడలేదు. అతను కెమెరాను ఎలా ఉంచాడో చూడాలి. దాని మడతల తోలు తిత్తికి చిల్లులు పడి ఉంటే బాగుండు.

ఫిబ్రవరి 9, ఆదివారం

తిత్తికి చిల్లులు లేవు. ఇత్తడి మరలన్నీ తళతళలాడుతున్నాయి. ఎవరికి చూపించుకోవడానికో.

ఐదేళ్ళ తర్వాత అతన్ని చూడటం. ఉదయగిరి బస్టాండు దగ్గర జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోల షాపు. అరవై దాటాయి. జుట్టు మొత్తం తెల్లబడింది. పదిహేడో ఏట నాయన దగ్గర చేరాడు. తల్లి రాళ్ళు మోసిన కూలిమనిషి. తక్కువ చేయడానికి రాయడం లేదు. ఉన్నది రాస్తున్నాను.

మొదటి ఫోటో కొండ మెట్ల కింద నుంచి. శిఖరం ఫ్రేములోకి రావడానికి అతను లెన్సును పైకి జరిపాడు. ఎండ నేరుగా లెన్సు మీదికే వస్తోంది. నేను షేడ్‌ను చివరిదాకా సాగదీశాను.

"షేడ్ లోపలికి తియ్. ఫ్రేములోకి వస్తాది" అన్నాడు నల్లగుడ్డలోంచి.

"తీస్తే లెన్సు మీద ఎండ పడతాది. ఫోటో అంతా పొగ కమ్మినట్టు ఉంటాది."

"లెన్సు పైకి జరిపినాను గదా. దానికి తగ్గట్టు షేడ్ కూడా ఎత్తాల. అది కూడా చెప్పాల్నా?"

టీచరు ముందు అన్నాడు. నేను షేడ్‌ను ఎత్తలేదు, తగ్గించలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. అతను గుడ్డలోంచి తల బయటికి పెట్టి నా వంక చూశాడు. ఫిల్మ్ పెట్టి నొక్కేశాడు.

ఫిబ్రవరి 12

ఫోన్ చేశాడు.

"పై మూలలు రెండూ నల్లబడినాయి. మీ నాయన ఉంటే ఏమనేవాడో."

"మా నాయన ఉంటే నువ్వు ఇంకా ఆయన ముక్కాలి మోస్తా ఉండేవాడివి" అన్నాను.

పెట్టేశాడు.

బాగా అన్నాను. అనాల్సిన మాటే.

ఫిబ్రవరి 13

బాగానే అన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం. ఉదయగిరి నుంచి వచ్చాక

ఇవాళ గొడవ లేదు. మూలలు పోయిన ఫోటో మళ్ళీ తీశాం. ఈసారి షేడ్‌ను అతను చెప్పకముందే ఎత్తాను. అతను చెప్పినందుకు కాదు. ఆ తర్వాత ఎనిమిది తీశాం. తొమ్మిదయ్యాయి, మూడు మిగిలాయి.

పసుపు అద్దం పెట్టిన ప్రతిసారీ "ఎన్ని?" అంటాడు. "ఒకటి" అంటాను. అద్దం కొంత వెలుగు తినేస్తుంది. ఎన్ని స్టాపులు తింటుందో నేను చెప్పాలి, అంత వెలుగు అతను కలుపుకోవాలి. ఆ రెండు మాటలు తప్ప మాకు వేరే మాటలు లేవు. అయినా పని నడిచింది. కోటగోడ వెనక తెల్లమబ్బు ఒకటి వచ్చి నిలబడింది. నేను నారింజ అద్దం చేతిలోకి తీసుకుంటుంటే అతను "నారింజ" అన్నాడు. ఇద్దరం ఒకేసారి.

సంతోషం వేసిందని కాదు. పొద్దున్నించి టిఫిను తినలేదు, తల తిరిగి అలా అనిపించింది.

దిగేటప్పుడు అతను టీచరును ఒక కోరిక కోరాడు. పదమూడో ఫోటో ఒకటి. కొండ అడుగున వాననీటి కుంట ఉంది. దాని గోడ ఎనభై ఏడులో కరువు పనుల్లో కట్టింది. పని అయ్యాక మేస్త్రీ ఆ సున్నపు గోడ మీద ఎర్ర రంగుతో కూలీల పేర్లు రాశాడు. పంతొమ్మిది మంది. అందులో ఐదో పేరు మాలకొండయ్య తల్లి పెంచలమ్మది. రంగు వెలిసిపోయింది. రాసిన మేస్త్రీ కూడా పోయాడు. ఈ నెలాఖర్లో గోడకు సిమెంటు పూత వేస్తారట.

"నేను ఫోన్లో తీసినాను గానీ లేత గులాబీ మరకల మాదిరి వచ్చినాయి. చదవడానికి కావడంలా" అన్నారు టీచరు.

"మా దగ్గర పచ్చ అద్దం ఉండాది టీచరమ్మా. అది పెడితే ఎరుపు నల్లబడతాది. మరక కూడా అక్షరమై కూర్చుంటాది. అదే ఎర్ర అద్దం పెట్టినామనుకో, ఎరుపూ సున్నమూ ఒకటైపోయి గోడ ఖాళీగా కనపడతాది. నారాయణయ్య గారు పండుమిరపకాయను సున్నంగోడ మీద పెట్టి, ఎర్ర అద్దంలోంచి మాకు చూపించినాడు. కాయ మాయం."

మా దగ్గర అన్నాడు. మాకు అన్నాడు. ఆ రోజు నాయన చూపించింది నాకు. ఎనిమిదేళ్ళు నాకు. చప్పట్లు కొట్టింది నేను. అతను పక్కన నిలబడి ఉన్నాడు, అంతే.

ఫిబ్రవరి 19

టీచరు పుస్తకం అట్ట నమూనా చూపించడానికి ఇద్దరినీ పిలిచారు. పైన పెద్దక్షరాల్లో 'ఛాయాచిత్రాలు: మాలకొండయ్య'. నా పేరు ఎక్కడని అడగలేదు. పేజీలు తిప్పాను. చివరి పేజీలో కృతజ్ఞతలు. మమ్మల్ని కొండ దాకా తీసుకుపోయిన ఆటో ఆయన పేరు, దాని కింద 'సహకారం: సుకన్య, ఆత్మకూరు'.

మాలకొండయ్య అట్ట చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకున్నాడు. చివరి పేజీ కూడా చూశాడు. నా కళ్ళతో చూశాను, చూశాడు.

"బాగుండాది టీచరమ్మా" అన్నాడు.

ఫిబ్రవరి 20

సహకారం.

ఫిబ్రవరి 23, ఆదివారం

మిగిలిన మూడూ వచ్చే వారం, ముందు గోడ తీద్దామన్నాడు. ఎనిమిదింటికే కుంట దగ్గరికి చేరాం. అతను గుడ్డ తడిపి ఐదో పేరు మీద మెల్లగా అద్దాడు. వేలితో అక్షరాల వెంబడి పోయాడు. పెం, చ, ల, మ్మ.

"పేర్లన్నీ రాసుకుందామా మాలకొండయ్యా?" అడిగారు టీచరు.

"ఎందుకమ్మా, రేపు ఫోటోలో ముత్యాల మాదిరి వస్తాయి. మా అమ్మకు చూపించాల. దానికి చదువు రాదు, తన పేరు ఒక్కటి గుర్తుపడతాది."

అరగంట నల్లగుడ్డ కిందే ఉన్నాడు. తర్వాత "పచ్చది పెట్టు" అన్నాడు. పెట్టెలో పచ్చది, ఎర్రది పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తీసి షేడ్ వెనక గాడిలోకి దింపాను. షేడ్ లోపలికి పోయాక ఏ రంగు అద్దం ఉందో పక్కన నిలబడ్డవాళ్ళకు కనపడదు. అతను అప్పటికే వెనక ఫిల్మ్ పెట్టేశాడు. ఫిల్మ్ పెట్టాక ఇక వెనకనుంచి చూడటానికీ లేదు.

"ఎన్ని?"

"రెండు" అన్నాను. పచ్చదానికి రెండే.

రెండు షీట్లు తీశాడు.

తిరిగి పెట్టెలో పెట్టేటప్పుడు చూసుకున్నాను. నా చేతిలో ఎర్రది ఉంది.

తొందరలో జరిగిన పొరపాటు. చెప్పేదాన్నే. అప్పటికే అతను కెమెరా మడిచేస్తున్నాడు. ఎండ ఎక్కింది. టీచరుకు మోకాళ్ళ నొప్పులు. బస్సు టైమయింది. నా ఫోను బ్యాగులోనే ఉంది, దాంతోనైనా దగ్గరగా ఒకటి తీయాలని తోచలేదు.

ఫిబ్రవరి 24

ఎర్ర అద్దంతో గోడ పగుళ్ళు చక్కగా వస్తాయి. అదీ ఒక పద్ధతే.

ఫిబ్రవరి 25

రేపు ఫోన్ చేసి, ఇంకోసారి తీద్దామంటాను. కారణం ఏదో ఒకటి చెప్పవచ్చు.

ఫిబ్రవరి 26

పెళ్ళి ఆల్బమ్ పని ఒకటి వచ్చింది. తీరిక లేదు.

ఫిబ్రవరి 27

టీచరు ఫోన్ చేశారు. నిన్న గోడకు సిమెంటు పూసేశారు. "మనం ముందే తీసుకున్నాం, అదృష్టం" అన్నారు.

అవునండీ అన్నాను.

మార్చి 1

మాలకొండయ్య ఆత్మకూరు వచ్చాడు. ఈ స్టూడియో మెట్లు ఎక్కడం నాయన పోయాక ఇదే. కవరులోంచి నెగటివ్ తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఎట్టా ఉండాది?"

"పలచగా ఉండాది" అన్నాను.

"ఒక స్టాపు తక్కువ పడింది. రెండు షీట్లూ ఇంతే. పేర్లు రాలేదు. ఒక్కటి కూడా."

గోడ నున్నగా ఉంది, ఎవరూ ఏమీ రాయని గోడలాగా. కింది పగులులో ఒక రావిమొక్క, నాలుగు ఆకులు. పచ్చ అద్దం పెట్టి ఉంటే ఆకులు నెగటివ్‌లో చిక్కగా రావాలి, ఫోటో వేస్తే తెల్లగా ఉండాలి. ఇందులో ఆకులున్నచోట ఫిల్మ్ గాజులాగా ఉంది. ఫోటో వేస్తే బొగ్గులాగా వస్తుంది. పచ్చదనాన్ని అలా చంపేది ఎర్ర అద్దమే. అది తినేది మూడు స్టాపులు, నేను చెప్పింది రెండు. నాయన దగ్గర నెల రోజులు పనిచేసినవాడికైనా తెలిసిపోతుంది.

అతను సరిగ్గా ఆ మొక్క మీద చూపుడువేలు పెట్టాడు.

"ఇక్కడ చూడు."

"చూసినాను. ఫోకస్ బాగానే ఉండాది" అన్నాను.

వేలు తీయలేదు. చాలాసేపు నా ముఖం వంక చూశాడు. నేను స్టూల్ మీద దుమ్ము తుడిచాను.

"కళ్ళు మసకలు వస్తాండాయి ఈ మధ్య. నా లెక్కే తప్పింది" అన్నాడు చివరికి. టీ తెప్పించాను. తాగకుండా పోయాడు.

అతనికి తెలియలేదు. తెలిసి ఉంటే ఊరుకునే మనిషి కాదు.

మార్చి 2

తెలియలేదు.

మార్చి 8

టీచరు మళ్ళీ ఫోన్. గోడ ఫోటో పోయింది తన తప్పు వల్లేనని మాలకొండయ్య చెప్పాడట. కళ్ళు కనపడటం లేదు, మిగతా మూడు ఫోటోలు కూడా తీయను, క్షమించండి అన్నాడట. పుస్తకం ఆగిపోయింది. గోడ మీద పేర్లున్నవాళ్ళ పిల్లలూ మనవళ్ళూ అతని షాపుకు వచ్చి ఫోటో అడుగుతున్నారట. "ఎన్నేండ్ల నుంచి తీస్తాండావు, ఈ ఒక్కటి సరిగ్గా తీయలేకపోతివా?" అని ఒకాయన అందరి ముందూ అనేశాడట. అతను తల ఊపి లోపలికి పోయాడట.

నేను కోరుకున్నది ఇదే కదా. ఇదే అనుకుని సాయంత్రం దాకా కౌంటరు దగ్గర కూర్చున్నాను. ఎవరో పాస్‌పోర్టు ఫోటోకి వస్తే ఒకటికి రెండుసార్లు వాళ్ళ కళ్ళు మూసుకున్నప్పుడే నొక్కాను.

మార్చి 9, ఆదివారం

అశ్విత నెల్లూరు నుంచి వచ్చింది. మా అమ్మాయి. డిగ్రీ రెండో సంవత్సరం. గోడ సంగతి చెప్పి, టీచరు ఫోన్లో తీసిన ఫోటో చూపించాను. కంప్యూటర్లో పెట్టి రంగులు విడదీసింది. టీచరు ఎక్కడో దూరం నుంచి తీశారు, ముందు ఆమె చెల్లెలు నిలబడి ఉంది. అయినా మూడు పేర్లు లేచాయి. మస్తానయ్య. కొండమ్మ. రమణయ్య. మిగతావన్నీ బూజు.

"చూడు మా, నీలంలో చూస్తే అక్షరాలు నల్లగా వస్తాండాయి. ఎరుపులో చూస్తే మొత్తం మాయం" అంది. అటూ ఇటూ మార్చి చూపించింది. పేర్లు వచ్చాయి, పోయాయి. వచ్చాయి, పోయాయి. "మీ కెమెరాలో కూడా ఎర్ర ఫిల్టర్ ఏమన్నా పెట్టినారా ఏంది?"

"అన్నం తిందువు రా" అన్నాను.

మార్చి 10

పచ్చది, ఎర్రది పక్కపక్కనే ఉంటాయని రాశాను పోయిన నెల. పెట్టె ముందు పెట్టుకుని రాస్తున్నాను ఇప్పుడు. పచ్చది ఎడమ చివర. ఎర్రది కుడి చివర. మధ్యలో రెండున్నాయి. నలభై ఏళ్ళుగా అవి అక్కడే ఉన్నాయి. కళ్ళు మూసుకుని అయినా తీయగలను.

మార్చి 15

పొద్దున బస్సుకు ఉదయగిరి పోయాను. షాపులో ఎవరూ లేరు. మాలకొండయ్య జిరాక్సు మిషనులో కాగితాలు సర్దుతున్నాడు.

"ఆ రోజు ఒక పొరపాటు జరిగింది" అన్నాను.

"ఏంది?"

"గోడ దగ్గర. పచ్చదని ఎర్రది పెట్టినాను."

సర్దడం ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"నెగటివ్ కడిగి తడిది పైకి ఎత్తినప్పుడే. రావాకులు చూసినాను గదా."

"మరి కళ్ళు అన్నావు. నీ లెక్క తప్పిందన్నావు."

అప్పుడు మిషను మూత వేసి నా వైపు తిరిగాడు. "ఏమని చెప్పమంటావు? నారాయణయ్య గారి కూతురు కావాలని మా అమ్మ పేరు చెరిపిందని ఊర్లో చెప్పాల్నా? ఆయన పేరు నా నోటితో చెడగొట్టాల్నా? నీకోసం అనుకోబాకు. నువ్వంటే నాకేం లేదు. ఆ రోజు నీ స్టూడియోకి వచ్చి, మొక్క మీద వేలు పెట్టి చూపించినాను. ఇప్పుడన్నా చెబుతాది, ఇప్పుడన్నా చెబుతాదని నిలబడినాను. ఫోకస్ బాగుండాదన్నావు."

అక్కడున్న స్టూల్ మీద కూర్చున్నాను.

"ముప్పై ఏండ్లు మీ నాయన పక్కన అద్దాలు పెట్టినావు, ఆయన పోయినాక నా పక్కన పెట్టినావు. ఏది పెట్టినావని నేను ఒక్కనాడూ వంగి చూడలేదు. నువ్వంటే పడకపోయినా చూడలేదు. చూసేపని లేదనుకున్నా."

దీనికి నేను సిద్ధపడి రాలేదు. తిడతాడనుకున్నాను. తిడితే తిరిగి ఏమనాలో బస్సులో అనుకుంటూ వచ్చాను.

"అట్ట మీద నా పేరు లేకపోయినా బాగుండాదన్నావు" అన్నాను. గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"అన్నాను. అది నా తప్పే. తర్వాత రెండు రోజులకు టీచరమ్మకు చెప్పినాను, ఇద్దరి పేర్లూ వెయ్యమని. ఆమె నీతో చెప్పే లోపల నువ్వు చేసేసినావు."

లేచి నిలబడ్డాను. క్షమించమని అడగాలి. అడిగాను కూడా.

"నన్ను అడిగి ఏం చేస్తావు? వెనక వీధిలో మూడో ఇల్లు. మా అమ్మ అరుగు మీద కూర్చోనుండాది. ఆమెకు చెప్పు" అని జిరాక్సు మిషను మళ్ళీ తెరిచాడు.

పోయాను. పెంచలమ్మకు ఎనభై నాలుగు. చెవులు బాగా వినపడతాయి. నేను ఎవరో చెప్పగానే "నారాయణయ్య కూతురివా, దా మే, కూర్చో" అని పక్కకు జరిగింది. నేను నిలబడే చెప్పాను. అద్దం సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి చాలా మాటలు పట్టాయి. ఆమె అన్నీ విన్నది. ఒక్కటే అడిగింది.

"తెలిసే చేసినావా, తెలియక చేసినావా?"

"తెలిసే."

"దేనికి?"

"నీ కొడుకు మీద కోపం."

"వాడి మీద కోపమైతే వాణ్ణి తిట్టాల. చెప్పు తీసుకుని కొట్టు, అడ్డం రాను. మిగతా పద్దెనిమిది మంది నీకేం చేసినారు?"

ఆమె గొంతు పెంచలేదు. ఎదురింటి ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నేను అక్కడే అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాను. ఆమె నన్ను లెమ్మనలేదు, ఓదార్చలేదు. "ఆ మేస్త్రీ మా పేర్లు రాసేటప్పుడు మేం అందరం వెనక నిలబడి చూస్తాన్నాం. చదువొచ్చినోడు ఒక్కడే, వాడే చదివి చెప్పినాడు. నా పేరు యాడుండాదో చూపించమని మూడుసార్లు అడిగినా" అంది.

మార్చి 16, ఆదివారం

మళ్ళీ పోయాను. నోటుపుస్తకం తీసుకుని. పేర్లు చెప్పమని అడిగాను.

"గోడ మీద ఎట్టా రాసినాడో నాకు తెలవదు. తట్టలు అందుకున్న వరస చెబుతా" అంది. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఎడమ నుంచి కుడికి తిప్పుతూ ఒక్కొక్కరికే తట్ట అందించింది. కుంట లోపల మస్తానయ్య. ఆయన చేతిలోంచి కొండమ్మ. తర్వాత వెంకమ్మ. ఖాసిం సాయిబు. బుజ్జమ్మ, ఆమె అప్పుడు ఏడో నెల గర్భిణి. చెంచురామయ్య. చెయ్యి ఎక్కడైనా ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి అందించుకుంటూ వచ్చేది. రెండు గంటలు పట్టింది. మధ్యలో మాలకొండయ్య వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి విని పోయాడు.

పదిహేడు వచ్చాయి. తన పేరు చెప్పలేదు. నేనే రాసుకున్నాను. పద్దెనిమిది.

"ఇంకొకాయన ఉన్నాడు" అంది. "సోమశిల డ్యాము కాడ ఊరు నీళ్ళలో పోయినోళ్ళలో ఒకాయన. గట్టు మీద చివర నిలబడి తట్ట గుమ్మరించేవాడు. సోమశిలాయన, సోమశిలాయన అని పిలిచేవాళ్ళం. పేరు మేస్త్రీ అడిగితే చెప్పినాడు, వాడు రాసినాడు. చదివి చెప్పినప్పుడూ నా పేరు మీదే చెవి పెట్టినా, ఆయనది వినలేదు మే."

మార్చి 23

బతికున్న కూలీలు ఇంకా ఇద్దరు. బుజ్జమ్మ కొడుకు దగ్గర కలువాయిలో ఉంది. పోయి అడిగాను. "సోమశిలాయనా? మంచి మనిషి. పాటలు బాగా పాడేవాడు" అంది. పేరు తెలియదు. ఖాసిం సాయిబుకు మాట పడిపోయింది.

మార్చి 30

సోమశిల పోయాను. మునిగిన ఊళ్ళ వాళ్ళు కట్టుకున్న కాలనీలు ఒకటి కాదు. మూడు తిరిగాను. ఎనభై ఏడులో ఉదయగిరి కరువు పనికి పోయినాయన ఎవరని అడిగాను. అప్పుడు అందరం ఏదో ఒక పనికి పోయినోళ్ళమే అన్నారు. ఒక ముసలాయన చేపల వల బాగుచేసుకుంటూ, "పేరు తెలియకుండా మనిషిని ఎట్టా వెతుకుతావమ్మా?" అన్నాడు.

తెలియదు.

ఏప్రిల్ 6, ఆదివారం

మిగతా మూడు ఫోటోలు తీశాం. మాలకొండయ్య కబురు పంపాడు, వస్తే రా అని. పోయాను. పసుపు అద్దం పెట్టాను. "ఎన్ని?" అన్నాడు. "ఒకటి" అన్నాను. అతను కెమెరా వెనకనుంచి నడిచి ముందుకు వచ్చి, వంగి, షేడ్ లోపలికి చూసి, వెనక్కి పోయాడు.

మూడుసార్లూ చూశాడు. నేను ప్రతిసారీ పక్కకు జరిగి దారి ఇచ్చాను.

ఏప్రిల్ 13, ఆదివారం

టీచరు ఇంట్లో పుస్తకం ఆఖరి ప్రూఫులు. గోడ ఫోటో ఉన్నది ఉన్నట్టే వేయమని నేనే అడిగాను, ఖాళీ గోడగా. దాని కింద మాటలు నేనే రాస్తానన్నాను. ఎందుకని టీచరు అడగలేదు. ఆమెకు అప్పటికి ఇంకా ఏమీ తెలియదు. నాలుగు రోజులు రాసి, కొట్టేసి, రాసి తీసుకుపోయాను. అట్ట మీద నా పేరు వద్దని కూడా చెప్పాను.

కాగితం బల్ల మీద పెట్టాను. మాలకొండయ్య కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు.

'ఈ గోడ మీద, దీన్ని కట్టిన పంతొమ్మిది మంది పేర్లు ఎర్ర రంగుతో రాసి ఉండేవి. ఫోటో తీసేటప్పుడు నేను పొరపాటున ఎర్ర ఫిల్టర్ పెట్టడం వల్ల అవి ఇందులో లేవు. గోడకు ఇప్పుడు సిమెంటు పూశారు. పద్దెనిమిది పేర్లు పెంచలమ్మ గారు చెప్పగా కింద ఇస్తున్నాము. సోమశిల నుంచి వచ్చిన పంతొమ్మిదో ఆయన పేరు ఎవరికీ తెలియదు. అది ఈ గోడ మీద మాత్రమే ఉండేది. ఇట్లు, సుకన్య, ఆత్మకూరు.'

రెండోసారి చదివాడు. కింద పద్దెనిమిది పేర్లు వేలు పెట్టి లెక్కపెట్టాడు. తల్లి పేరు దగ్గర ఆగలేదు. మళ్ళీ పైకి వచ్చాడు.

"ఒక మాట తియ్యాల" అన్నాడు.

"ఏది?"

"పొరపాటున అనేది."

టీచరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నేను పెన్ను మూత తీశాను. ఆ ఒక్క మాట మీద గీత కొట్టాను. వాక్యం చదవడానికి అడ్డం ఏమీ రాలేదు. దాని స్థానంలో ఒక మాట రాశాను. 'కావాలనే'.

టీచరు కాగితం దగ్గరికి లాక్కుని చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా వంక చూసిన చూపు ఎలా ఉందో రాయను. మాలకొండయ్య అప్పటికే చెప్పులు వేసుకుని మెట్లు దిగుతున్నాడు.